ఆరో నంబరు బల్ల మీద రెండు కప్పులు

తవిటినాయుడికీ నోర్జోమ్‌కీ తొలి పరిచయ సమావేశం నాగులవలస బస్సు కాంప్లెక్సు క్యాంటీన్లో, ఆరో నంబరు బల్ల దగ్గర, 1987 డిసెంబరు పదిహేడో తేదీ గురువారం సాయంత్రం నాలుగూ ఇరవైకి మొదలైంది. ముప్ఫై ఏడేళ్ళు దాటినా ఇంకా ముగియలేదు. ఇందులో వింతేమీ లేదు. భాష కలవని ఆడామగా తొలిసారి ఎదురెదురుగా కూర్చుంటే, ఆ కూర్చోవడం ఎప్పుడు ముగిసిందో తేల్చవలసింది భిన్నభాషా పరిచయాల కార్యాలయం. ఆ కార్యాలయం రిజిస్టర్లో వీళ్ళ పేర్ల ఎదుట 'ముగిసిన సమయం' అన్న గడి ఖాళీగా ఉంది. గడి ఖాళీగా ఉంది గనక వాళ్ళు కూర్చునే ఉన్నారు.

కూర్చుని ఉన్నారంటే మేకు దిగ్గొట్టినట్టు ఉన్నారని కాదు. ప్రభుత్వం మరీ అంత కఠినమైనది కాదు. రాత్రి పది నుంచి తెల్లవారి ఐదు దాకా విరామం. కప్పుల మీద సాసర్లు బోర్లించి, కాగితపు ముక్క అంటించి సంతకాలు పెట్టాక, ఆయన తన ఇంటికీ ఆమె క్యాంటీను వెనక గదికీ వెళ్ళి పడుకోవచ్చు. పగటిపూట స్నానానికో, ఆస్పత్రికో, ఓటు వెయ్యడానికో వెళ్ళాలంటే పాసు రాయించుకుని ఒకరి తర్వాత ఒకరు వెళ్ళాలి. ఇద్దరూ ఒక్కసారి లేవకూడదు. అంతే షరతు. చాలా కాపురాలు ఇంతకన్నా గట్టి షరతుల మీద నడుస్తున్నాయి, వాటికి పాసులు కూడా ఇవ్వరు.

అప్పట్లో తవిటినాయుడికి ఇరవై తొమ్మిదేళ్ళు. కాంప్లెక్సులో మైకు ముందు కూర్చుని బస్సుల పేర్లు చదవడం ఆయన ఉద్యోగం. ఆ గొంతు గురించి ఇప్పటికీ ఊళ్ళో ముసలివాళ్ళు చెప్పుకుంటారు. సాలూరు బస్సు, బొబ్బిలి బస్సు, రాజాం బస్సు అని ఆయన పిలుస్తుంటే, ఊరు వెళ్ళే పని లేనివాళ్ళకు కూడా వెళ్ళొద్దామా అనిపించేది. అవి ఎర్ర బస్సుల రోజులు. మెట్ల పక్కన రంగు బల్బులు తిరిగే బరువు యంత్రం, దాంట్లోంచి జాతకంతో సహా ఊడిపడే అట్టముక్క, ఆ పక్కన క్యాసెట్ల కొట్టు, దాని పక్కన గోలీసోడా బండి. అన్నిటి మీదా పోలమ్మ క్యాంటీను బజ్జీల వాసన. ఇప్పుడు వాటిలో పోలమ్మ ఒక్కతే మిగిలింది, ఆవిడా కళ్ళద్దాలతో.

ఏటా చలికాలం రాగానే ఒరిస్సా కొండల్లోంచి టిబెట్ వాళ్ళు స్వెట్టర్ల మూటలతో దిగేవారు. నాగులవలసలో చలి ఎంతని అడిగితే ఏం చెప్పాలి? డిసెంబర్లో కూడా మధ్యాహ్నానికి చొక్కా వీపుకి అంటుకుపోయే ఊరు. అయినా కాంప్లెక్సు గోడ పొడుగునా తాళ్ళు కట్టి ఎరుపూ నీలం స్వెట్టర్లు వేలాడదీసేవారు. జనం అలవాటు కొద్దీ మంకీ క్యాపులు కొనేవారు. ఆ ఏడు కొత్తగా వచ్చిన ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి నోర్జోమ్. ఆమెకు తెలుగు రాదు. తవిటినాయుడికి తెలుగూ బస్సుల పేర్లూ తప్ప ఇంకేమీ రావు. ఆయన సోమవారం ఒక స్వెట్టరు కొన్నాడు. మంగళవారం ఇంకొకటి. గురువారం మూడోది చేతిలోకి తీసుకుంటుంటే ఆమె దాన్ని వెనక్కి లాక్కుని నవ్వింది. నాలుగు రోజుల్లో మూడు స్వెట్టర్లు కొనేవాడికి పట్టుకున్నది చలి కాదని తెలుసుకోవడానికి ఏ భాషా అక్కర్లేదు. ఆయన క్యాంటీను వైపు చూపించాడు. ఆమె మూట పక్కామెకు అప్పజెప్పి వచ్చింది.

పదిహేను నిమిషాల టీ విరామం చీటీ మీద తవిటినాయుడు వచ్చి కూర్చున్నాడు. నోర్జోమ్ చేతిలో సాయంత్రం ఆరూ పదిహేను పర్లాకిమిడి బస్సు టికెట్టు ఉంది. కార్యాలయం గుమాస్తా పక్క బల్ల దగ్గర రిజిస్టరు తెరిచాడు. పోలమ్మ ఒక కెటిలూ రెండు కప్పులూ పెట్టి వెళ్ళింది. పొయ్యడం నోర్జోమ్ అందుకుంది. మన టీ మొదటి గుక్క తాగి, పాయసం నోట్లో పడ్డట్టు కళ్ళు పెద్దవి చేసింది. వాళ్ళ టీలో పంచదార ఉండదు, ఉప్పూ వెన్నా ఉంటాయి.

చిక్కంతా అక్కణ్ణుంచి. తవిటినాయుడి తల్లి ఆయనకు చిన్నప్పుడు రెండే రెండు పాఠాలు నేర్పింది. ఎదుట పెట్టింది ఒగ్గీకూడదు, అంటే వదిలెయ్యకూడదు. పంక్తిలో పక్కవాళ్ళు తినకుండా నువ్వు లేవకూడదు. నోర్జోమ్‌కు వాళ్ళమ్మ నేర్పిన పాఠాలూ రెండే. అవతలివాళ్ళ కప్పు ఖాళీగా ఉంచకూడదు, అది గెంటేసినట్టు. నీకు చాలంటే కప్పు నిండుగా వదిలెయ్యాలి, అదే చాలని చెప్పడం. అందుకని ఆయన ఆఖరి చుక్క దాకా తాగాడు. ఆమె పాపం దాహం తీరలేదనుకుని నింపింది. ఆయన తాగాడు. ఆమె నింపింది. ఆమె కప్పు మాత్రం నిండుగానే ఉంది. ఆమె తాగడం పూర్తికాలేదు గనక తాను లేవడం మర్యాద కాదని ఆయన కూర్చున్నాడు. ఆయన ఇంకా తాగుతున్నాడు గనక తాను లేవడం మర్యాద కాదని ఆమె కూర్చుంది. ఆరూ పదిహేను బస్సు వెళ్ళిపోయింది.

నిబంధన పదకొండు ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. మాట తెలియనివాళ్ళు 'ఇక చాలు' అని నోటితో చెప్పుకోలేరు గనక కప్పులే సాక్ష్యం. ఎవరి కప్పును వారి ఆచారాన్ని బట్టి చదవాలి. రెండు కప్పులూ ఒకే వేళ 'చాలు' అని చెప్పి, ఒక నిమిషం పాటు అలాగే నిలిస్తే సమావేశం ముగిసినట్టు. అంటే ఆయనది ఖాళీగా, ఆమెది నిండుగా నిమిషంసేపు ఉండాలి. ఆమె ఎన్నడూ నిమిషం ఆగలేదు. గుమాస్తా మొదటి సంవత్సరమంతా గడియారం చేత్తో పట్టుకుని చూసి, తర్వాత రిజిస్టరు పోలమ్మకు అప్పజెప్పి బదిలీ మీద వెళ్ళిపోయాడు.

టీ విరామం ముగియని ఉద్యోగిని పనిలోకి రమ్మనే అధికారం డిపో మేనేజరుకు లేదు. పని ఆపే అధికారమూ లేదు. అందుకని మైకు వైరు ఆరో నంబరు బల్ల దాకా లాగారు. యాభై ఎనిమిదేళ్ళకు తవిటినాయుడు రిటైరు కావాలి. కానీ విరామంలో ఉన్నవాణ్ణి రిటైరు చెయ్యడం కుదరదని పై నుంచి కాగితం వచ్చింది. నోర్జోమ్ స్వెట్టర్ల తాడు కిటికీకి కట్టారు. పెళ్ళికి ఒకసారి దరఖాస్తు పెట్టారు. 'తొలి సమావేశం పెండింగులో ఉన్నందున పరిశీలించలేము' అని తిరిగొచ్చింది. ఊరి నోరు మూయడం ఎవరి తరం? జనం మొదట్లో ముక్కున వేలేసుకున్నారు, తర్వాత అలవాటుపడ్డారు. తల్లి మాత్రం పదేళ్ళు ఓపిగ్గా సంబంధాలు తెచ్చింది. అమ్మాయిల వాళ్ళను ఏడో నంబరు బల్ల దగ్గర కూర్చోబెట్టి, కొడుకుని ఇటు తిరగమనేది.

"ఉండమ్మా, ఆవిడ టీ ఇంకా అవ్వనేదు" అనేవాడు ఆయన తల తిప్పకుండా.

"అవుద్దా ఎప్పటికైనా?" అని ఆ తల్లి నోర్జోమ్ వంక చూసేది. నోర్జోమ్ లేచి నిలబడి ఆవిడకో కప్పు పోసేది. ఆవిడ ఒగ్గీకూడదు గనక తాగేది. నోర్జోమ్ మళ్ళీ పోసేది. పోయేముందు నాలుగేళ్ళు ఆ ముసలమ్మ రోజూ సాయంత్రం వచ్చి ఏడో నంబరు బల్ల దగ్గరే కూర్చుంది, సంబంధాలేవీ తేకుండా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రిజిస్టర్లో లేదు. మూడో చలికాలంలో తోండుప్ అనే ముసలి స్వెట్టర్ల వ్యాపారి పక్క బల్ల నుంచి చాలాసేపు చూసి చూసి, వచ్చీరాని తెలుగులో తవిటినాయుడి చెవిలో గుట్టు విప్పాడు. "తాగకు. నిండుగా వదిలెయ్. ఆమె ఆపేస్తుంది. నువ్వు వెళ్ళొచ్చు." తవిటినాయుడు బుద్ధిగా విన్నాడు. ముసలాయనకు దండం పెట్టాడు. తర్వాత ఎదుట ఉన్న కప్పు ఎత్తి ఆఖరి చుక్క దాకా తాగాడు.

ఎందుకు తాగడు? నిబంధన పద్నాలుగు ఆయనకు కంఠతా వచ్చు. సమావేశం ముగిసిన వెంటనే ఇద్దరూ మొదలైన నాటి స్థితికి తిరిగి వెళ్ళాలి. అంటే ఆయన మైకు గదికి, ఆమె ఆరూ పదిహేను బస్సుకి. ఆ టికెట్టు ఇప్పటికీ చెల్లుతుంది. మళ్ళీ కలవాలంటే రెండో సమావేశానికి అనుమతి కావాలి. ఆ రెండో సమావేశాల నిబంధనలను కూడా తర్వాత తొంభై ఆరులో ఉపసంహరించారు. వాటి అవసరం పడ్డవాళ్ళు పెద్దగా లేరని కారణం రాశారు. అందుకని ఆయన బతుకంతా ఒకే ఒక భయం. ప్రతి సాయంత్రం ఆరూ అయిదుకి మైకు నోటి దగ్గర పెట్టుకుని, పర్లాకిమిడి వెళ్ళే బస్సు మూడో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది, ప్రయాణికులు ఎక్కవలసిందిగా కోరుతున్నాం అని ఆమె కళ్ళలోకి చూస్తూ చదివేవాడు. ఉద్యోగం మరి, చదవక తప్పదు. చదవడం అయ్యాక, ఆమె లేస్తుందేమోనని రోజూ ఆమె చేతుల వంకే చూసేవాడు. ఆమె కెటిల్ అందుకునేది.

తొంభై రెండులో ఒకసారి కెటిల్ ఖాళీ అయింది. ఆయన కప్పు ఖాళీ, ఆమెది నిండుగా ఉంది. నలభై ఒక్క సెకన్లు గడిచాయి. రిజిస్టరు చేతిలో ఉన్న పోలమ్మే, కొంగుతో కెటిల్ పట్టుకుని పొయ్యి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. చెయ్యి కాలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. 'సమయంలోగా టీ సరఫరా అయినది' అని రాయించి, ఆవిడే రిజిస్టర్లో వేలిముద్ర వేసింది.

ఇన్నేళ్ళలో వాళ్ళకు మాటలు వచ్చేశాయి. నోర్జోమ్ పోలమ్మ దగ్గర తెలుగు నేర్చుకుంది గనక పోలమ్మలాగే మాట్లాడుతుంది. ఆయనకు వాళ్ళ భాషలో తిట్లు తప్ప అన్నీ వచ్చు. తిట్లు ఆమె నేర్పలేదు. మీ ఊళ్ళో మంచు ఎలా పడుద్ది అని ఆయన అడిగేవాడు. నానూ చూడనేదు, మా అమ్మ చూసింది అనేది ఆమె. బస్సుల పేర్లు చదువు, వింటాను అనేది. రద్దయిపోయిన బస్సుల పేర్లు, రోడ్డు లేక ఆగిపోయిన ఊళ్ళ పేర్లు ఆయన మైకు మూసి చదివేవాడు. క్యాసెట్ల కొట్టు సీడీల కొట్టయింది, తర్వాత రీచార్జి కొట్టయింది, తర్వాత షట్టరయింది. ఆ మొదటి సాయంత్రం వాసన మాత్రం ఆరో నంబరు బల్ల దగ్గర పోలేదు. పోవడానికి ఆ సాయంత్రం ఇంకా అయిపోలేదు కదా.

మొన్న డిసెంబర్లో కాంప్లెక్సు పడగొట్టి కొత్తది కడతామని నోటీసు అంటించారు. ఆవరణలో పెండింగులో ఉన్న సమావేశాలన్నీ ముప్ఫై ఒకటో తేదీ సాయంత్రం ఐదు లోపల ముగించాలి. పెండింగులో ఉన్నది ఇదొక్కటే. ముగించడానికి శేషగిరి అనే అధికారి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. సౌమ్యుడు. చంకలో ఫైలు, చేతిలో స్టీలు కెటిల్. గ్యాసు కనెక్షను పొద్దున్నే తీసేశారు గనక టీ ఆయనే బయట నుంచి తెప్పించాడు, సరిగ్గా రెండు కప్పులకు.

"ఇదే ఆఖరు. మళ్ళీ పోయడానికి లేదు" అని శేషగిరి వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు. "మీరు అలవాటు ప్రకారం తాగండి తవిటినాయుడుగారూ. అమ్మగారు అలవాటు ప్రకారం వదిలేస్తారు. నిమిషం గడుస్తుంది. సంతకాలు చేసేద్దాం. ఆరూ పదిహేను బస్సులో అమ్మగారికి సీటు కూడా ఆపించాను."

నోర్జోమ్ రెండు కప్పుల్లోనూ పోసింది. కెటిల్ వంచి, అడుగున ఏమైనా ఉందేమోనని ఊపి చూసి పక్కన పెట్టింది.

అరవై ఆరేళ్ళ తవిటినాయుడు అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు. తాగితే చట్టం ప్రకారం అంతా అయిపోతుంది. తాగకపోతే? ముప్ఫై ఏడేళ్ళలో ఈ మనిషి ముందు ఆయన ఒక్క కప్పు వదల్లేదు. నిండు కప్పు వదిలేస్తే ఆమె లెక్కలో దాని అర్థం ఏమిటో ఆయనకు తోండుప్ చెప్పిన నాటి నుంచీ తెలుసు. నీతో చాలు అని. కార్యాలయం ఏమైనా రాసుకోనీ, ఆమె అలా అనుకుంటే ఇంకేం మిగిలింది? ఆయన చెయ్యి కప్పు దగ్గరకి వెళ్ళి ఆగింది.

ఆయన అలా చూస్తుండగానే నోర్జోమ్ తన కప్పు ఎత్తింది. ఎత్తి, గుక్క తర్వాత గుక్క, మొత్తం తాగేసింది. ఆఖర్న కప్పు వంచి చుక్క కూడా లేదని చూసుకుని సాసర్లో పెట్టింది. తవిటినాయుడు దాన్ని తన లెక్కలో చదువుకున్నాడు. పంక్తిలో ఎదుటి మనిషి భోజనం అయిపోయింది. ఇక నువ్వు లేవచ్చు అని ఆయన పద్ధతిలోనే ఆయనకు చెప్పింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కప్పు మాత్రం ముట్టలేదు. ఆమె ఏమనుకున్నా సరే, తాను మాత్రం లేవదలచుకోలేదు.

ఐదు దాటింది. నిమిషం గడిచింది. ఇంకో నిమిషం కూడా గడిచింది. శేషగిరి కప్పుల మీదికి వంగి చూసి, నిబంధన పదకొండు తీసి చదివి, మళ్ళీ చూశాడు.

"తవిటినాయుడుగారి కప్పు నిండుగా ఉంది. వారి ఆచారం ప్రకారం, ఇంకా పూర్తికాలేదు" అని రాస్తూ పైకి చదివాడు. "అమ్మగారి కప్పు ఖాళీగా ఉంది. వారి ఆచారం ప్రకారం..." అని ఆగాడు.

"ఇంకా పొయ్యాల" అంది నోర్జోమ్. "మా ఊళ్ళో ఖాళీ కప్పుకి అర్థం అదే. రాసుకో బావూ."

తవిటినాయుడు తలెత్తి చూశాడు. "నాను లేవాలని తాగినావనుకున్నాను."

"నువ్వు ఒగ్గేస్తే, నాతో చాలన్నావని నానూ అనుకున్నాను. మరి కాయితం నా కప్పుని నా పద్ధతిలోనే చదవాల గదా. తాగక ఏటి చేసేది?"

"నీకు మా పంక్తి సంగతి తెలుసా?"

"నా రెండో చలికాలంలోనే పోలమ్మక్క చెప్పింది. తాగీమ్మా, నువ్వు తాగితే గానీ ఆ బావు లేవడు అని." ఆమె చీర కొంగు సర్దుకుంది. "అందుకే తాగనేదు."

పోలమ్మ పొయ్యి లేని వంటింటి గుమ్మంలో నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంది. కాలిన మచ్చ ఉన్న చెయ్యే అది.

టీ మళ్ళీ తెప్పిస్తే ఆమె కప్పు నిండుతుందని, తవిటినాయుడు తన కప్పు తాగితే సమావేశం ముగుస్తుందని శేషగిరికి తోచకపోలేదు. కానీ ఆఖరు కెటిల్ అని ఆయనే లిఖితపూర్వకంగా ఇచ్చాడు. తన కాగితాన్ని తానే కాదనడం ఏ అధికారికీ చేతకాదు. చివరికి 'టీ సరఫరా లేనందున సమావేశం కొనసాగుచున్నది' అని రాసి ముద్ర వేశాడు. వేసినవాడు వెంటనే లేవలేదు.

"ముప్ఫై ఏడేళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. ఇంకా అర్థం కానిది ఏముందండీ?" అని అడిగాడు. అధికారిగా అడిగినట్టు లేదు.

"అవుతోంది బావూ, ఇంకా అవుతోంది" అన్నాడు తవిటినాయుడు. "మీ ఇంటి దగ్గరెలాగ?"

"మా ఆవిడదీ నాదీ ఒకే వీధి. ఒకే భాష, ఒకే పద్ధతి. మాకు ఏ రిజిస్టరూ అక్కర్లేకపోయింది" అన్నాడు శేషగిరి. "అన్నీ పెళ్ళిచూపుల్లోనే అర్థమైపోయాయి." ఆ మాట అని వాచీ పెట్టుకున్నాడు. ఇంటికి వెళ్ళే వేళయింది గానీ, ఏడో నంబరు బల్ల దగ్గర ఇంకొంచెంసేపు కూర్చున్నాడు.

జనవరిలో కాంప్లెక్సు పడగొట్టారు. ఆరో నంబరు బల్ల మీద ఉత్తర్వు ఉంది గనక దాని చుట్టూ నాలుగు అడుగులు వదిలి పడగొట్టారు. బస్సులు ఊరి చివరికి మారిపోయాయి. ఇప్పుడు అక్కడ గోడలు లేవు, పైన ఒక నీలం బరకం ఉంది. కొత్త భవనం పూర్తయి క్యాంటీను టెండరు తేలాక టీ ఇస్తారు. సాయంత్రాలు సంతకి వెళ్ళొచ్చే మొగుడూపెళ్ళాలు ఒక నిమిషం ఆగి, ఆ రెండు కప్పుల వంక చూసి, ఒకరికొకరు ఏమీ చెప్పుకోకుండా నడిచిపోతుంటారు. వాళ్ళందరి సమావేశాలూ ఎప్పుడో సక్రమంగా ముగిశాయి. శేషగిరి తనిఖీకి నెలకోసారి రావాలి. వారానికి రెండుసార్లు వస్తున్నాడు.

నిన్న కూడా ఆరూ అయిదుకి తవిటినాయుడు వైరు తెగిన మైకు ఎత్తి, పర్లాకిమిడి వెళ్ళే బస్సు మూడో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది అని చదివాడు. నోర్జోమ్ లేవలేదు. ఆయన మైకు పక్కన పెట్టి, ఖాళీ కెటిల్ రెండు చేతులతో పట్టుకుని ఆమె కప్పులోకి వంచాడు. ఏమీ పడలేదు. ఆమె కప్పుకి చెయ్యి అడ్డం పెట్టలేదు.